చుక్కలు నెరిసిన గుర్రం

మావాళ్ళు గుర్రాలకు పేర్లు పెట్టరు. రంగే పేరు. "ఎర్రది కుంటుతోంది", "పొగరంగుది ఈనింది", "నుదుట చుక్కదాన్ని పట్టుకురా" అంటే చాలు, ఏ గుర్రమో వాడంతటికీ తెలుస్తుంది. ఎదుటి మనిషి పేరైనా మర్చిపోతారేమోగాని అతని గుర్రం రంగు మర్చిపోరు. ఇప్పటి కుర్రకారు వచ్చి "ఆ గోధుమరంగు గుర్రం లేదూ..." అని మొదలుపెడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. గోధుమరంగట! ఎండిన గోధుమా, తడిసిన గోధుమా, వేయించిన గోధుమా? కళ్ళు మొహాన పెట్టుకుని చూడరు, నోటికొచ్చింది చెబుతారు.

నేను దామెష్‌ని. రంగులు చెప్పేదాన్ని. వేసవి మొదట్లో, ఈనిన గుర్రాలకు తొలిసారి పాలు పితికే రోజున, నేలమీద పొడుగాటి తాడు పరిచి గుర్రప్పిల్లలన్నిటినీ దానికి వరసగా కట్టేస్తారు. ఆ వరస వెంట నడుస్తూ ఒక్కొక్కదాని రంగూ నేను పైకి చెప్పాలి. నేను చెప్పిందే చచ్చేదాకా దాని పేరు. తప్పిపోతే ఆ పేరుతోనే వెతుకుతారు. ఎవడైనా ఎత్తుకుపోతే ఆ పేరుతోనే పెద్దల ముందు తగువు తీరుస్తారు. ఇన్నేళ్ళలో దామెష్ మాట తప్పని ఎవరూ అనలేదు. అబద్ధం మాత్రం ఒక్కసారి చెప్పాను. తెలిసి, కళ్ళార్పకుండా చెప్పాను. ఆ ఒక్కసారి సంగతి చెబుతాను, వినండి.

మా పుట్టింటివాళ్ళది అల్టాయ్ వైపు. మా నాన్న మందలో పొడల గుర్రాలు ఉండేవి. ఒళ్ళంతా చిరుతపులి చుక్కలున్నవి, నల్లటి ఒంటిమీద మంచు రాలినట్టు తెల్ల చుక్కలున్నవి, నడుము మీద తెల్ల గొంగడి కప్పినట్టుండి ఆ గొంగడి నిండా మళ్ళీ నల్ల చుక్కలున్నవి, ఇలా ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. నేను నడక నేర్చిందే వాటి పొట్టల కింద. నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మంద మధ్య తిరుగుతూ చెప్పేవాడు: "తల్లీ, మిగతా గుర్రాలకు రంగు ఒక్కసారి చెబితే సరిపోతుంది. పొడల దానికి మాత్రం ఏటేటా చెప్పాలి. అది మనలాగే నెరుస్తుంది. నల్లగా పుట్టింది తెల్లబడుతుంది, చుక్కలు మసకబారతాయి. కన్నతల్లే గుర్తుపట్టదు."

"మరి మనం ఎలా గుర్తుపట్టాలి నాన్నా?"

"మూడు చోట్ల చూడు. గిట్టల మీద నిలువు చారలుంటాయి, అవి పోవు. మూతి చుట్టూ మచ్చలుంటాయి, అవీ పోవు. కంటి నల్లగుడ్డు చుట్టూ మనిషికున్నట్టే తెలుపుంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే నీళ్ళు పొయ్యి. వెంట్రుక నెరుస్తుందిగాని చర్మం నెరవదు. తడిసిందంటే పుట్టినప్పటి బొమ్మంతా పైకి తేలుతుంది."

నన్ను తార్బగతాయ్ కొండల ఇవతలికి ఇచ్చారు. ఇక్కడివాళ్ళవన్నీ ఎర్ర గుర్రాలు, పొగరంగు గుర్రాలు. పొడల గుర్రం మొహం చూసినవాళ్ళే లేరు. పెళ్ళినాడు నేను ఎక్కివచ్చిన మా నాన్న గుర్రాన్ని చూసి, "ఇదేంటమ్మా, మీ గుర్రానికి అమ్మవారు పోసిందా?" అని వాడంతా నవ్వారు. ఉడికిపోయాను. మరుసటేడు అది మగపిల్లను ఈనింది. ముందు సగం బొగ్గు నలుపు. నడుము నుంచి వెనక్కి తెల్లటి గొంగడి. ఆ గొంగడి నిండా బొటనవేలు ముంచి అద్దినట్టు నల్ల చుక్కలు. మా ఆయన వంగి దాన్ని తేరిపార చూశాడు.

"ఇదేంటే, చలేస్తుందని మీ నాన్న దీనికి కడుపులోనే గొంగడి కప్పి పంపాడా?"

"మీ ఎర్రవాటికి మా నాన్న ఎందుకు కప్పుతాడు, అందుకే అవి అలా వణుకుతూ తిరుగుతుంటాయి" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. అత్తింటి మగవాళ్ళ పేర్లూ పలకం. ఏదో ఒక మారుపేరు పెట్టుకుని పిలుస్తాం. ఆ గుర్రప్పిల్ల పెరిగి పెద్దదై ఆయన ఎక్కితిరిగే గుర్రమయ్యాక నేను ఆయన్ని "పొడల గుర్రం ఆయన" అనడం మొదలుపెట్టాను. తర్వాత వాడంతా అదే పేరుతో పిలిచారు. ఊరు చివర కొండ మీద చుక్కల గొంగడి కనబడిందంటే చాలు, నేను పొయ్యి మీద టీ పెట్టేదాన్ని.

ఆయనకు ఇరవైనాలుగేళ్ళు. ఆకురాలే రోజుల్లో జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజున నాకు జ్వరం కూడా మిగలలేదు.

మావాళ్ళలో మగవాడు పోతే అతను ఎక్కిన గుర్రం కూడా దుఃఖంలో ఉంటుంది. దాని జూలూ తోకా కత్తిరించి మందలోకి వదిలేస్తారు. ఇక దాన్ని ఎవరూ ఎక్కరు, దాని మీద ఎవరూ చెయ్యి చేసుకోరు. ఏడాది తిరిగాక పెద్ద విందు చేసి, ఆ రోజున గుర్రాన్ని ఇంటి గుమ్మం ముందుకు తెచ్చి, ఆడవాళ్ళంతా దాని మెడ పట్టుకుని ఏడ్చి సాగనంపుతారు. తర్వాత కోస్తారు. అవతలి లోకంలో అతనికి అదే గుర్రం. ఆ విందు జరిగేదాకా పోయినవాడు దారిలోనే, కాలినడకనే ఉంటాడు. ఇది నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే, నాకు తెలియనిదేమీ కాదు. కానీ మా పెద్దబావగారు కత్తెర పట్టుకుని ఆ నల్లటి జూలు కత్తిరిస్తుంటే, అది తల తిప్పి నా వైపు చూసింది. వాళ్ళ అమ్మ కడుపులోంచి నా చేతుల్లోకే జారిన పిల్ల అది. మొగుణ్ణి తీసుకెళ్ళావు చాలదా, దీన్ని కూడా అడుగుతావా దేవుడా అని లోపల్లోపల కుమిలిపోయాను.

ఆ చలికాలం మా పాలిట యముడిలా వచ్చింది. మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గడ్డి మీద అద్దంలాంటి పెంకు కట్టింది. గిట్టలతో ఎంత తవ్వినా పగల్లేదు. ఉన్నవాళ్ళం లేనివాళ్ళమయ్యాం. మూడు వందల గుర్రాల మందలో నలభై మిగిలాయి. మంచుతుపాను ముందు పరిగెత్తిన గుంపులో పొడలది కూడా కొట్టుకుపోయింది. విందు పెట్టడానికి పశువులేవీ? రేపు, మరుసటేడు, ఆ మరుసటేడు అంటూ విందు వాయిదా పడుతూ వచ్చింది.

ఆయన కలల్లోకి రావడం మొదలైంది అప్పుడే. ఏ గాలీ లేని తెల్లటి మైదానం. భుజం మీద జీను మోసుకుంటూ నడిచేవాడు. రికాబులు ఒకదానికొకటి తగిలి టింగు టింగుమనేవి. నేను వెనక పరిగెత్తేదాన్ని, ఎంతకీ అందేవాడు కాదు.

"ఎందాకా వెళ్ళారు?" అని అరిచేదాన్ని.

"ఎక్కడికీ లేదే. నడుస్తూనే ఉన్నా. గుర్రం ఎక్కడుంది?" అనేవాడు, విసుగు లేకుండా, సాయంత్రం ఇంటికొచ్చి చెంబు ఎక్కడుందని అడిగినట్టు.

నాలుగో ఏటికి మంద కాస్త కోలుకుంది. పాలు చిక్కబడే నెలలో విందు ఖాయం చేశారు. ఇక నలభై రోజులుందనగా, ఒక తెల్లవారుజామున, నేను పాలు పితుకుతున్నాను. ఏటిమీంచి పొగమంచు లేచి గుడారాలన్నీ నడుముదాకా పాలలో మునిగినట్టున్నాయి. ఆ తెలుపులోంచి ఒక తెల్ల గుర్రం వచ్చింది. చప్పుడు లేదు. చెవి కొసలు లేవు, ఏ చలికాలమో కొరుక్కుతినేసింది. సరాసరి వచ్చి మా అత్తగారి గుడారం ముందు, ఎడమ పక్కనున్న రాయి దగ్గర నిలబడింది.

"హుష్! ఎవరిదే నువ్వు, ఫో!" అని పాలచెంబు ఎత్తి అదిలించాను. మాకు తెల్ల గుర్రం లేదు మరి. రంగులు చెప్పేదాన్ని, నాకే తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! అది కదల్లేదు. నా మీద ఊపిరి వదిలింది. మూతి చూశాను. మచ్చలు. కన్ను చూశాను. చుట్టూ తెలుపు. కిందికి వంగి గిట్టలు చూశాను. ఉల్లిపొరల్లాంటి నిలువు చారలు.

నా పొడలదే. నల్లటి ముందు సగమంతా నెరిసిపోయింది. చుక్కలు కూడా నెరిశాయి, దగ్గరికి వెళ్తేగాని బూడిద పడినట్టు కూడా కనబడవు. మోకాళ్ళ మీద, దవడ ఎముకల మీద మాత్రం కాస్త నలుపు మిగిలింది. నాలుగేళ్ళు ఏ కొండల్లో తిరిగి, ఏ మందల్లో తన్నులు తిని ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందో! నేనేమో చెంబుతో కొట్టబోయాను. దాని మెడ పట్టుకుని భోరున ఏడ్చేదాన్నే. అప్పుడే పెద్దబావగారి దగ్గు వినబడింది.

ఆయన మంచి మనిషి. కోపం ఎక్కువ, కల్లాకపటం తెలియదు. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చెవులు చూశాడు, మేము చెవి మీద కోసే గుర్తు కొసలతోపాటే పోయింది.

"ఎవరిదో దారి తప్పి వచ్చినట్టుంది. రంగు చెప్పమ్మా, చాటింపు వేయాలి" అన్నాడు.

చెప్పాలి. "నల్లది, నడుము నుంచి గొంగడి పొడ, ఇప్పుడు నెరిసింది" అనాలి. అంటే ఆయన ముఖం వెలిగిపోతుంది. తమ్ముడి గుర్రం తమ్ముడి కోసం నడిచొచ్చిందని ఆకాశానికి చేతులెత్తి మొక్కుతాడు. నలభై రోజుల తర్వాత ఇదే గుమ్మం ముందు కత్తి పెడతాడు. తప్పేమీ లేదు. మా ఆయన నడక ఆగుతుంది. అనకపోతే గుర్రం బతుకుతుంది, ఆయన జీను మోస్తూనే ఉంటాడు.

అది నా అరచేతిలో మూతి పెట్టింది, వెచ్చగా.

"తెల్ల బూడిదది బావగారూ. పుట్టుకతోనే. గుర్తులేమీ లేవు" అన్నాను.

మూడు రోజులు ఏటి దగ్గర చాటించారు. "తెల్ల బూడిద గుర్రం! చెవి కొసలు లేనిది! ఎవరిదైనా ఉంటే రండి!" ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? "నువ్వే చూసుకో అమ్మా దాన్ని" అని పెద్దబావగారు పగ్గం నా చేతికిచ్చాడు. నేను చెప్పిన రంగు మీద ఆయనకంత నమ్మకం. పగ్గం అందుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ నలభై రోజులు తేలు కుట్టిన దొంగలా బతికాను. గిట్టల చారలు ఎవరైనా చూస్తారేమోనని గొర్రె కొవ్వులో మసి కలిపి రోజూ రాసేదాన్ని. మా తోడికోడలు చూసి వాడంతా చాటింది: "చూశారా, దామెష్ గుర్రం కాళ్ళకు కాటుక పెడుతోంది! ఎవరికిచ్చి చేస్తావే దాన్ని, మాకూ చెప్పు!" నవ్వక చస్తానా, నవ్వాను. చలికాలపు బొచ్చు రాలుతున్నకొద్దీ కింద చుక్కలు పైకి తేలతాయేమోనని పూటపూటా దాని ఒళ్ళు తడిమి చూసేదాన్ని. వాన మబ్బు కనబడితే చాలు, దాన్ని బరబరా లాక్కెళ్ళి పందిరి కింద కట్టేదాన్ని.

అన్నిటికీ మించి మా అత్తగారు. ఆవిడ నోరు మంచిది కాదు, ఉన్నమాట చెబుతున్నాను. ఆ గుర్రం వచ్చిన రోజు నుంచీ నన్ను రాచి రంపాన పెట్టింది. "దాన్ని నా గుమ్మం ముందు కట్టకే, వెనక కట్టు!" "ఏట్లోకి తోలకు, దానికి స్నానం ఒక్కటే తక్కువైంది!" "నలుగురిలోకి తీసుకెళ్ళి ఊరేగించకు, దిక్కులేని గుర్రాన్ని!" ఇది కన్నకొడుకు గుర్రమని తెలియక ఆవిడ తిడుతుంటే వినలేకపోయేదాన్ని. తెలిస్తే ఆవిడే తాడు పట్టుకుని కత్తి దగ్గరికి నడిపిస్తుంది, ఎందుకంటే నడుస్తున్నది ఆవిడ కొడుకు. అందుకని పళ్ళ బిగువున ఊరుకునేదాన్ని.

విందుకు నాలుగు రోజుల ముందు పెద్దబావగారు అత్తగారితో అన్నాడు, "అమ్మా, తమ్ముడి గుర్రం ఎలాగూ దొరకలేదు. నా కొత్త ఎర్రదాన్ని ఇస్తాను. మూడేళ్ళది, మంచి నడక."

అత్తగారు పులిసిన గుర్రప్పాల కుమిజ్ కలుపుతోంది. కవ్వం ఆపింది. "వాడి ముఖం ఎరగని గుర్రం వాణ్ణి ఎక్కనిస్తుందా? పడేసి పోతుంది. మళ్ళీ నడకే" అంది. మళ్ళీ కవ్వం తిప్పింది.

నాలుగు రోజులూ అదే మాట. అన్నం ముందు అదే, పాల ముందు అదే. విందు నాటి తెల్లవారుజామున ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నడవడం లేదు. తెల్లటి మైదానం మధ్య జీను మీద కూర్చుని, బూట్లు విప్పి, అరికాళ్ళు చూసుకుంటున్నాడు. నన్నేమీ అడగలేదు. గుర్రం ఎక్కడుందని కూడా అడగలేదు. అడగకపోవడమే నేను భరించలేకపోయాను.

లేచి ముఖం కడుక్కున్నాను. చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. చుట్టుపక్కల వాడలన్నీ వచ్చేశాయి, కొండవాలంతా గుడారాలు మొలిచాయి. పొయ్యిల పొగ, పిల్లల అరుపులు. నేను వెనక్కి వెళ్ళి పొడలదాని పగ్గం విప్పాను. "పద నాన్నా, ఆయన కూర్చుండిపోయాడు" అన్నాను. అది బుద్ధిగా నా వెంట నడిచింది.

గుడారం మలుపు తిరగబోతుండగా వాన దిగింది. ఒక పక్క ఎండ, ఇంకో పక్క వాన. జల్లుజల్లుగా, మెరుస్తూ కురిసింది. జనమంతా నవ్వుకుంటూ గుడారాల్లోకి దూరారు. నేను మాత్రం అలాగే నిలబడిపోయాను. నా చేతిలో ఉన్న గుర్రం మారిపోతోంది. మెడ నల్లబడింది. భుజాలు నల్లబడ్డాయి. నడుము దగ్గర ఆ నలుపు గీత గీసినట్టు ఆగింది. అక్కణ్ణించి గులాబీ రంగు చర్మం మీద గొంగడి పరుచుకుంది, గొంగడి మీద చుక్కలు ఒకటీ, రెండూ, పదీ, ఇరవై, బొటనవేలంత చుక్కలు, నేను వేలు పెట్టి లెక్కపెట్టిన చుక్కలు. గిట్టల మసి కారి చారలు బయటపడ్డాయి. ఎండలో ఒంటినుంచి ఆవిరి లేస్తోంది. ఇరవైనాలుగేళ్ళ మనిషి దాని మీంచి దిగి, టీ పెట్టావా అని అడుగుతాడనిపించింది. నిజంగా అనిపించింది. దారివైపు చూశాను కూడా.

అప్పుడు అత్తగారి కేక వినబడింది.

"ఒసేయ్ బుద్ధిలేనిదానా! వానలో గుర్రాన్ని పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డావేంటే! దానికి జలుబు చేయదూ!"

వయసుకు మించిన పరుగుతో వచ్చింది. భుజాన ఉన్న తన గొంగడి లాగి దాని నడుము మీద కప్పింది. చాలక తలకు చుట్టుకున్న తెల్ల గుడ్డ విప్పి మెడకు చుట్టింది. మా అత్తగారి జుట్టు అంతకుముందు ఎవరూ చూసి ఎరుగరు. తెల్లగా, పలచగా, వానకు నెత్తికి అంటుకుపోయింది.

"ఏమైందమ్మా?" అని పెద్దబావగారు గుడారంలోంచి అరిచాడు.

"ఏమీ లేదురా! నీ మరదలికి బుర్ర తక్కువ, అంతే! నువ్వు లోపలే ఉండు, తడుస్తావు!" అని అరిచి, నా చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది. "ఎక్కడికే తీసుకెళ్తున్నావు దీన్ని?"

నేను గుమ్మం వైపు చూశాను.

"అడుగుతుంటే చెప్పవేం?"

"అత్తయ్యా, ఆయన నడుస్తున్నారు. రోజూ కలలోకి వస్తున్నారు. ఇవాళ కూర్చుండిపోయారు. నేను అబద్ధం చెప్పాను అత్తయ్యా, ఇది..."

"ఏదో నాకు చెప్పకు. నీ ఒక్కదాని కలలోకే వస్తున్నాడనుకున్నావా? నేను కనలేదూ వాణ్ణి?" అంది. వానలో ఆవిడ కళ్ళు నాకు సరిగ్గా కనబడలేదు. "గుర్రం కావాలంటున్నాడు. ఫలానా గుర్రమే కావాలన్నాడా? చెప్పు, అన్నాడా?"

"లేదు."

"మరి! దీన్ని తీసుకెళ్ళి వెనక కట్టి, నా ముసలి ఎర్రదాన్ని పట్టుకురా. వాడు ఏడేళ్ళప్పుడు స్వారీ నేర్చింది దాని మీద. మూడుసార్లు పడేసింది. నాలుగోసారి వాడు దాని జూలు కొరికి పట్టుకుని పడలేదు, వెధవ. అది వాణ్ణి ఎరుగును. మెల్లగా పోతుందిగాని పడేయదు."

ఆ ముసలి ఎర్రది ఆవిడ ప్రాణం. చలికాలం తన వాటా రొట్టె దానికి పెట్టి బతికించుకుంది. వలస వెళ్ళేటప్పుడు దాని మీద తప్ప ఎక్కేది కాదు.

"మరి మీకో?" అన్నాను.

"నాకెందుకే గుర్రం? ఎక్కడికి పోవాలి నేను?" అని నన్ను ఒక తోపు తోసింది.

అలాగే జరిగింది. వాన వెలిశాక ముసలి ఎర్రదాన్ని గుమ్మం ముందుకు తెచ్చారు. "పాత గుర్రమేంటమ్మా, నలుగురూ నవ్వరూ!" అని పెద్దబావగారు అంటే, "నా కొడుకు, నా గుర్రం, మధ్యలో నలుగురెవర్రా?" అంది. ఆడవాళ్ళం దాని మెడ పట్టుకుని ఏడ్చాం. అత్తగారు ఏడవలేదు. దాని నుదుటికి తన నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. చెవిలో ఏదో చెప్పింది. ఒక గుర్రం బతకడానికి ఇంకో గుర్రం పోయింది, అది నాకు తెలుసు, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ మర్నాటి కలలో తెల్లటి మైదానం లేదు. పచ్చటి గడ్డి. ఆయన ముసలి ఎర్రదాని మీద వెళ్తున్నాడు, కాళ్ళు దాదాపు నేలకు రాసుకుంటున్నాయి. పెద్దమనిషి చిన్నపిల్లల గుర్రం ఎక్కినట్టుంది. వెనక్కి తిరిగి నన్ను చూసి పగలబడి నవ్వాడు. అంతే, ఇక రాలేదు.

చాలాకాలం తర్వాత ఒకసారి అత్తగారిని అడిగాను. "అత్తయ్యా, వానలో చూశాకే కదా మీకు తెలిసింది?"

"నీ మొహం! వచ్చిన రోజే తెలుసు. పాలచెంబు ఎత్తి కొట్టబోయావు చూడు, అప్పుడు. అది వచ్చి రాతి దగ్గర నిలబడింది. వాడు దిగే రాయి అది. ఏ ఊరి గుర్రమైనా వచ్చి సరిగ్గా అక్కడే నిలబడుతుందా? మీ రంగులు నాకు తెలియవుగాని, ఎవరు ఎక్కడ దిగుతారో నాకు తెలుసు. ఆ నలభై రోజులూ నువ్వెక్కడ నోరు జారతావోనని నాకు ముద్ద దిగలేదు. గిట్టలకు కాటుకట! నవ్వాపుకోలేక చచ్చాను."

ఇద్దరం ఒకే గుర్రాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. అంతకాలం ఆవిడ నన్ను తిడుతోందనుకున్నాను.

ఆ తర్వాత వలసల్లో ఆవిడ ఒంటె ఎక్కింది, దారిపొడుగునా ఒంటెను తిడుతూ. పొడలదాన్ని ఎక్కమని ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు. "అది వాడి గుర్రం. వాడు లేడు కాబట్టి నీది. నాకెందుకు?" అనేది. పదేళ్ళు గడిచాయి. పొడలది ఇంకా నెరిసి, మోకాళ్ళు కూడా తెల్లబడి, మంచులో నిలబడితే కనబడకుండా పోయేది. ఏటేటా తొలిపాల రోజున పిల్లలన్నిటికీ రంగులు చెప్పి, చివర దీని దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా చెవిలో దాని అసలు రంగు చెప్పేదాన్ని.

అత్తగారు వసంతంలో పోయింది, నా చేతుల్లోనే. ఏడో రోజున పొడలది మేత మానేసింది. తొమ్మిదో రోజు పొద్దున వెళ్ళి చూస్తే అదే రాతి పక్కన పడుకుని ఉంది. ఎవరూ కత్తి పట్టలేదు. ఎవరూ జూలు కత్తిరించలేదు. తనంతట తానే వెళ్ళిపోయింది.

ఏటినుంచి నీళ్ళు మోసుకొచ్చి పోశాను. నాలుగు కడవలు. మెడ నల్లబడింది, గొంగడి తేలింది, చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. వెనక అలికిడయింది. పెద్దబావగారు. ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని వంక చూశాడు, గిట్టల వంక చూశాడు. టోపీ తీశాడు.

ఇక దాచేదేముంది? లేచి నిలబడి, తొలిపాల రోజున చెప్పినట్టే చెప్పాను. "నల్లది. నడుము నుంచి గొంగడి పొడ. గొంగడి నిండా బొటనవేలంత చుక్కలు. చారల గిట్టలు. మీ తమ్ముడి గుర్రం బావగారూ."

తిడతాడనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆయన కర్ర పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, తడిసిన మెడ మీద చెయ్యి వేశాడు.

"అమ్మ ఒంటె మీద పోతుందేమోనని బెంగ పెట్టుకున్నాను" అన్నాడు. "ఇంకోసారి చెప్పమ్మా రంగు. గట్టిగా చెప్పు. ఆవిడింకా దూరం పోయి ఉండదు, వినబడాలి."

ఏటి వైపు తిరిగి గొంతెత్తి చెప్పాను.